సంతకం పెట్టిన పాఠం

నర్సు ఉద్యోగంలో రాత్రి విధులే కష్టమని అందరూ అంటారు. నాకు మాత్రం రాత్రి కంటె ఆ మరునాటి ఉదయమే కష్టంగా తోచేది. రాత్రి ఎనిమిదికి మొదలైన పని ఉదయం ఎనిమిదికి ముగుస్తుంది. రోగులను ఒక్కొక్కరిగా అప్పగించి, మందుల లెక్క చూపి బయలుదేరబోతుండగా నోటీసు బోర్డు మీద కాగితం కనిపించేది: "పది గంటలకు శిక్షణ తరగతి. హాజరు తప్పనిసరి." ఇంటికి పోయి రావాలంటే బస్సులకే రెండు గంటలు చాలవు. అందువల్ల విశ్రాంతి గదిలో బల్ల మీద కూర్చొని ఎదురుచూసేదాన్ని. పగటి విధిలో ఉన్నవారికి ఆ గంట జీతంలోని గంట. మేము దానిని మా నిద్రలో నుండి తీసి ఇచ్చేవాళ్ళం.

శిక్షణ అక్కరలేదని నేననను. 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల నెలకొల్పిన నాటి నుండి మా వృత్తి చదువు మీదనే నిలిచింది. ఆ చదువు పాతబడుతుంది కూడా. గుండె ఆగిన రోగికి మొదట శ్వాసమార్గం చూడాలని మేము నేర్చుకొన్నాము. 2010లో ఆ వరుస మారింది. ముందు ఛాతీని ముప్పైసార్లు నొక్కి, పిమ్మట రెండు శ్వాసలు ఇవ్వాలన్నారు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పకపోతే నేను పాత వరుసనే పట్టుకొని ఉండేదాన్ని.

ఒకనాటి తరగతిలో విషయం పొటాషియం క్లోరైడ్. సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తే ప్రాణం నిలిపే మందు అది. కలపకుండా ఒక్కసారిగా నరంలోకి ఇస్తే గుండెను ఆపుతుంది. ఇటువంటి గాఢ ద్రావణాలను వార్డులలో చేతికి అందేలా ఉంచవద్దని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మా ఆసుపత్రిలోనూ ఇకపై వాటిని వేరొక అలమరలో పెట్టి తాళం వేయాలని, ఇద్దరు నర్సులు చూసిన తరువాతనే వాడాలని ఆనాడు చెప్పారట. 'అట' అనడమెందుకంటే, నేను వెనుక వరుసలో గోడకు తల ఆనించి నిద్రపోయాను. తరగతి ముగిశాక పక్కనున్నామె తట్టి లేపితే రిజిస్టరులో సంతకం చేసి ఇంటికి వెళ్ళాను.

ఆ రాత్రి మందుల గది నుండి వచ్చిన పెట్టెను విప్పి సర్దినది నేనే. అలవాటు చొప్పున పొటాషియం ఆంపూళ్ళను పాత చోటనే, ఇంజక్షన్లు కలిపే నీటి ఆంపూళ్ళ పక్కన ఉంచాను. రెండూ పది మిల్లీలీటర్లవే. చూపుకు అక్కచెల్లెళ్ళవలె ఉంటాయి. తెల్లవారుజామున మూడు గంటలకు ఒక ముసలాయనకు ఇవ్వవలసిన యాంటీబయాటిక్ పొడిని కరిగించడానికి ఒక ఆంపూలు తీసి మెడ విరిచాను. సిరంజిలోకి లాగుతుండగా నాతో ఉన్న శిక్షణ విద్యార్థిని మెల్లగా అడిగింది.

"సిస్టర్, ఇది నీళ్ళేనా?"

పేరు చదివాను. చేతులు చల్లబడిపోయాయి. సిరంజిని చెత్తడబ్బాలో పడవేసి కొంతసేపు కుర్చీలో కూర్చుండిపోయాను. ముసలాయన మంచం మీద గురక పెడుతున్నాడు. ఆయనకు ఈనాటికీ ఏమీ తెలియదు.

విషయాన్ని దాచవచ్చును. దాచమని ఒకరిద్దరు సలహా కూడా ఇచ్చారు. నెలవారీ సమావేశంలో నేనే లేచి చెప్పాను. సూపరింటెండెంటుగారు రిజిస్టరు తెప్పించి, "నీ సంతకం ఇక్కడ ఉన్నది కదమ్మా!" అన్నారు.

"ఉన్నది మేడమ్. సంతకం నాదే, నిద్రా నాదే. రాత్రంతా పనిచేసిన వారికి పది గంటలకు పాఠమని నిర్ణయించినది మాత్రం నేను కాదు" అన్నాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా మీద కాగితం వస్తుందనే అనుకొన్నాను. వచ్చింది కూడా, సంజాయిషీ అడిగారు, రాసి ఇచ్చాను. అయితే తరువాతి నెల నుండి రాత్రివారికి తరగతి ఎనిమిది గంటలకు, విధిలో చేరే వేళ, వార్డులోనే పావుగంటసేపు పెట్టారు. అందుకు పగటివారు పావుగంట ఆగవలసి వచ్చింది. వారు గొణిగారు. ఆ గొణుగుడులోనూ న్యాయం ఉన్నది. ఆ పావుగంటకు జీతం నేటికీ లేదు.

ఇప్పుడు ఆ పాఠం చెప్పేది నేను. రెండు ఆంపూళ్ళూ పళ్ళెంలో పెట్టి, పేర్లు పైకి చదవమంటాను. మొన్న ఒక కొత్త అమ్మాయి నిలబడే కునికింది. చంటిబిడ్డ తల్లి అట. ఆమె పేరు ఎదుట సంతకం చేయించుకోలేదు. ఆ రాత్రి తాళంచెవి ఆమెకు ఇవ్వక నా దగ్గరే ఉంచుకొన్నాను. మరునాడు ఆమె కొంత నిద్రపోయి వచ్చినప్పుడు పళ్ళెం మళ్ళీ పట్టుకొని వెళ్ళాను.