పాత కంప్యూటరుకు కొత్త భాగాలు

ఎద్దులబండికి ఇరుసు అరిగితే ఇరుసునే మారుస్తారు గాని బండిని పారవేయరు. కంప్యూటరు కూడా అటువంటి వస్తువే. విడివిడి భాగాలను జోడించి కట్టినది కనుక, ఏ భాగం అలసిపోయిందో తెలిస్తే దానిని మాత్రమే మార్చుకోవచ్చు. ఆ తెలుసుకోవడమే కష్టం.

హోసూరులోని మా పాఠశాలలో 2014లో కొన్న కంప్యూటరు ఒకటి ఉంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీల ర్యామ్, 500 జీబీల హార్డు డిస్కు. ఉదయం మీట నొక్కితే ప్రార్థన ముగిసి పిల్లలు తరగతికి వచ్చేసరికి తెర సిద్ధమయ్యేది. దానిని తూకానికి వేసి కొత్తది కొందామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. చుట్టుపక్కల పల్లెలలో అవ్వాతాతల దగ్గర మా విద్యార్థులు విని రాసుకొచ్చిన కథలు, సామెతలు, పాటలు అందులోనే ఉన్నాయి. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వాటిని పేజ్‌మేకర్‌లో పాత తెలుగు ఫాంటులతో కూర్చాము. ఆ ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చోబెట్టినవి. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అవ్వ చెప్పిన కథ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనబడుతుంది. యూనికోడు 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, అచ్చుపని చేసేవారు చాలాకాలం పాత ఫాంటులనే వాడుతూ వచ్చారు.

కాబట్టి పెట్టె విప్పకముందే అన్నింటినీ రెండు వేరు వేరు డిస్కులలోకి నకలు చేశాము.

తరువాత ఈ నిదానానికి కారణం వెదికాము. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసరు సగం కూడా పనిచేయడం లేదు. ర్యామ్ నిండిపోయింది. డిస్కు మాత్రం నూరు శాతం దగ్గరే నిలిచిపోయింది. ఎందుకో చూడండి. హార్డు డిస్కులోని పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి వచ్చేదాకా సగటున అందులో సగంసేపు ఆగాలి. సూది జరగడానికి మరికొంత. ఒక్కసారికైతే ఇది లెక్కలోకి రాదు, కాని యంత్రం మేల్కొనేటప్పుడు ఇలా వేలసార్లు ఆగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అందులో ఆ నిరీక్షణ మిల్లీసెకనులో పదోవంతు వరకే ఉంటుంది. ఇక ర్యామ్ మన రాతబల్ల వంటిది. బల్ల చాలకపోతే పుస్తకాలను మాటిమాటికీ బీరువాలో పెట్టి తీయాలి. బల్ల చిన్నదై, బీరువా తలుపు కూడా బిగుసుకుపోతే ఇక పని సాగినట్టే!

“ప్రాసెసరు మారిస్తే ఇంకా వేగం రాదా సార్?” అని పదో తరగతి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. కాని ఆ మదర్‌బోర్డు గూటిలో నాలుగో తరం ప్రాసెసరే కూర్చుంటుంది. అంతకంటే కొత్తది కావాలంటే బోర్డు మార్చాలి. ఇప్పటి బోర్డుకు పాత డీడీఆర్3 ర్యామ్ సరిపోదు కనుక అదీ మార్చాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ మీరు వినే ఉంటారు.

భాగాల కోసం బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లాను. మాకు అది సుమారు నలభై కిలోమీటర్లు. “అయ్యవారూ, గ్రాఫిక్స్ కార్డు కూడా వేయించుకోండి” అన్నాడు అంగడాయన. అక్షరాలు దిద్దుకోవడానికి అదెందుకు? 256 జీబీల ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీల డీడీఆర్3 ర్యామ్, తేదీ వెనక్కి పోతున్నందుకు సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసుకున్నాను. తల్లిదండ్రులు పోగుచేసి ఇచ్చిన ఐదువేలలో కొంత మిగిలింది కూడా.

ప్లగ్గు పీకి, ఇనుప పెట్టెను తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొని పని మొదలుపెట్టాము. ఫ్యానులో దుమ్ము పిచ్చుకగూడంత ఉంది. ప్రాసెసరు మీద పూసిన లేపనం సున్నంలా ఎండిపోయింది. తుడిచి కొత్తది పూశాము.

ఒక చిక్కు మిగిలింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా ప్రాసెసరు విండోస్ 11 జాబితాలో లేదు. అందువల్ల ఎస్‌ఎస్‌డీలో లినక్సు వేశాము. అందులో ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు కొట్టవచ్చు. పాత డిస్కును తీసివేయకుండా, పేజ్‌మేకర్ కోసం దానిలోని విండోస్‌ను నెట్టు లేకుండా ఉంచాము.

ఇప్పుడు యంత్రం నిమిషంలోపే సిద్ధమవుతోంది. పాత ఫాంటుల కథలను యూనికోడులోకి మార్చే పని పిల్లలకు అప్పగించాను. మార్పిడిలో ఒత్తులు చోటు తప్పుతున్నాయి. ఒకరు నకలు చదువుతుంటే ఒకరు తెర మీద దిద్దుతున్నారు. కథలు అయిపోయాయి, సామెతలు సగమయ్యాయి, పాటలు ఇంకా మొదలుపెట్టలేదు.