మా ఇంటి ల్యాంప్ రూం



నేను బెల్లంపల్లిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోన్ని నేనే. మా గూడెం తిర్యాణి దిక్కు. ఈ పోస్టు బ్యాటరీ లైటుల వేసే సెల్లుల గురించి. ఇంత చిన్నదానికి ఇంత పెద్ద పోస్టా అనుకోకుండ చివరిదాక చదవుండ్రి.

పోయిన వానకాలం నేను ఇంటికాడ ఉన్నప్పుడు ఒక రాత్రి మా వదినకు నొప్పులు మొదలైనయ్. 108కు ఫోన్ చేస్తే బండి వాగు అవతలి రోడ్డు దాకనే వస్తదన్నరు. బాపు మూడు సెల్లుల లైటు తీసి నొక్కిండు. వెలగలే. అరచేత్తో కొట్టిండు, ఊపిండు. అయినా వెలగలే. నా ఫోన్‌ల 11 శాతం చార్జింగ్ ఉంది. ఆ వెలుతురులనే వదినను మంచం మీద మోసుకుంట మోకాటి లోతు నీళ్లు దాటినం. బండి కాడికి చేరినంక ఫోన్ ఆగిపోయింది. వదిన, పాప ఇద్దరూ బాగున్నరు.

తెల్లారి లైటు మూత తిప్పి చూసిన. ఒక సెల్లు కారి తెల్లగ ఉప్పులెక్క పేరుకుంది. స్ప్రింగు తుప్పు పట్టింది. ఎండకాలంల ఆ సెల్లులు వేసింది నేనే. రెండు కొత్తవి కొని, పాతవాట్లల్ల ఒకటి ఇంకా పనిచేస్తదని కలిపిన. పైసలు మిగిలినయనుకున్న. బాపు మాత్రం "సదువుకున్నోడు ఏసిండు గదా" అని మళ్ల తెరిచి చూడలేదంట. ఆ మాటే నన్ను గుచ్చింది.

ఇంటర్‌లో జింకు, మాంగనీస్ డయాక్సైడ్ అని రాసి మార్కులు తెచ్చుకున్నోన్నే నేను. మామూలు సెల్లుకు లోపలి డబ్బానే జింకు. కరెంటు ఇచ్చిన కొద్దీ అదే కరుగుతది. కొత్తవాటి పక్కన పాతది పెడితే, అది ఖాళీ అయినా కొత్తవి దాంట్ల నుంచి కరెంటు తోస్తనే ఉంటయ్. ఆఖరికి డబ్బా చిల్లుపడి రసం కారుతది.

హాస్టల్ దోస్తు వాళ్ల తాత బాయి పని చేసి రిటైరయిండు. ఆయనకు ఇదంతా చెప్పిన. "షిఫ్టు అయినంక టోపీ లైటు ల్యాంప్ రూంల అప్పజెప్పాలె. ఆడ చార్జింగ్ పెడతరు, చూస్తరు. లైటు లేకుంట ఎవ్వన్నీ బాయిలకు దింపరు. మీ ఇంట్ల ల్యాంప్ రూం ఎవరు బిడ్డా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా ఇంట్ల ఇట్ల చేస్తున్నం:

గోడ గడియారానికి, రిమోట్‌కు మామూలు సెల్లు చాలు. టార్చికి ఆల్కలైన్ కొంటున్నం. ధర ఎక్కువే గాని ఎక్కువ సేపు వెలుగుతది. కొనేటప్పుడు తేదీ చూస్తం. రోజూ వాడేదానికైతే రీచార్జబుల్ మేలు. మామూలు సెల్లును మాత్రం చార్జింగ్ పెట్టొద్దు.

మార్చితే అన్నీ ఒక్కసారే మారుస్తం. పాతవి కొత్తవి, రెండు రకాలవి కలపం.

మిగిలినవి ప్యాకెట్‌లనే, తడి తగలని చోట, పొయ్యికి దూరంగ పెడతం. ఫ్రిజ్‌ల పెడితే చెమ్మ పడతది, అవసరం లేదు. చిల్లర పైసలతో, తాళంచెవులతో కలిపి వేయొద్దు. చాన్నాళ్లు వాడని వస్తువుల నుంచి సెల్లు తీసేస్తం. రాత్రి లైటుల మాత్రం ఉంచుతం, కాని ప్రతి అమాసకు చెల్లె మూత తిప్పి చూస్తది.

గుండీ సెల్లులున్న బొమ్మలు పిల్లలకు అందనియ్యొద్దు. మింగితే 2 గంటలల్లనే గొంతు లోపల కాలుతది. కక్కించకుండ వెంటనే దవాఖానకు తీసుకపోవాలె.

కారిన సెల్లును ఒట్టి చేత్తో ముట్టొద్దు. అయిపోయినవి పొయ్యిల, వాగుల వేయొద్దు. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వాపస్ తీసుకునే బాధ్యత తయారుచేసే కంపెనీలదే. మా ఇంట్ల డబ్బాల జమచేస్తున్నం. నేను బెల్లంపల్లికి తెచ్చి, తీసుకునే దుకాణంల ఇస్త.

మొన్న అమాసకు బాపే ఫోన్ చేసిండు. "సూసినం, మంచిగ ఎలుగుతుంది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసిండు.

మీరు ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి లైటు మూత ఒకసారి తిప్పి చూడుండ్రి.