గీత పడిన కాయలు

సంక్రాంతి పేరంటం తాంబూలాలకని సూర్‌లో మా ఇంటి దగ్గర కొట్లో అరటిపళ్ళు ఏరుతున్నాను. సలాలా పళ్ళూ వస్తుంటాయి గానీ, ఆ రోజు ఉన్నది ఇండియా పెట్టె. ఊరి పేరు లేదు. తాడిపత్రి వైపువే అనుకోవడం నాకలవాటు. మచ్చలున్నవి పక్కకు నెట్టి నున్నటివి తెచ్చుకున్నాను.

సాయంత్రం నాయన ఫోన్. "ఈసారి నాలుగు గెలలకొకటి పక్కన పడేసినారు మా. కాయ మీద గీతలంట."

పూర్వం నాయన గెలలు నరికి, లారీలో ఒకదాని మీద ఒకటి వేసి పంపేవాడు. నలిగినా కుళ్ళినా వ్యాపారి తంటా (ధరా వాడు చెప్పిందే అనుకోండి). ఇప్పుడు జీ-9 టిష్యూ కల్చర్ మొక్కలు, డ్రిప్పు. ఎక్స్‌పోర్ట్ కంపెనీ మనిషి తోటకొచ్చి నేర్పాడు. గెల దిగాక చివరి పువ్వు తుంచెయ్యాలి, కవరు తొడగాలి. కోసిన గెల నేలకు తగలకూడదు. హస్తాలు విడదీసి, సొన పోయేలా కడిగి, పటిక నీళ్ళలో ముంచి పెట్టెల్లో సర్దాలి. పచ్చికాయగానే 13, 14 డిగ్రీల చలిలో సముద్రం దాటి, దిగిన దేశంలో మాగుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 కంటైనర్లలో 980 టన్నుల అరటి ఒకే రైల్లో ముంబై రేవుకు వెళ్ళింది, ఇరాన్‌కని. "మన కాయ ఏసీలో పోతాంది మా" అని నాయన ఒకటే నవ్వు.

నేర్చుకోవడంలో ఆయనకు పేచీ లేదు. మొదట ఎగతాళి చేసిన పక్క తోటలవాళ్ళూ ఇప్పుడు కవర్లు కడుతున్నారు. ఐదుగురు కలిసి ఒకే రోజు కోత పెట్టుకుంటే కంటైనర్ నిండుతుంది, కూలీలూ కుదురుతారు.

పేచీ అంతా పక్కన పడేసిన గెలల దగ్గరే. కవర్ల ఖర్చు నాయనది, వద్దన్న కాయా నాయనదే. ఊళ్ళో దానికి సగం ధర కూడా రాదు. కాగితం మీద ధర రాస్తారు గానీ, ఏ గీతకు వద్దంటారో, ఎంతవరకు వద్దనవచ్చో రాయరు. అది రాయించుకోమన్నాను.

"నేనొక్కన్నే అడిగితే పక్క తోటకు పోతారు."

"కోతకు కలుస్తున్నారు కదా నాయనా, ఐదుగురూ కలిసే అడగండి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆడ పండు ఎట్లుంది మా?" అన్నాడు.

బాగుందన్నాను. మచ్చలవి పక్కకు నెట్టానని చెప్పలేదు.