గోదావరి వంతెన కార్డుకు మూడు తేదీలు

రాజమండ్రి దానవాయిపేటలో ఉంటారు మాస్టారు. పాత పోస్టుకార్డుల వయసు తేల్చడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. నేను పట్టుకెళ్లిన బొమ్మకార్డు మీద హేవలాక్ వంతెన, ఒడ్డులొరిసి పారుతున్న నది, ఒక తెరచాప పడవ ఉన్నాయి. ఫొటో తీసినవారి పేరు లేదు. ఇంగ్లండు వెళ్లిన కార్డే గానీ, ముద్రలో ఏడాది ఉండాల్సిన చోట సిరా అలుక్కుపోయింది.

మాస్టారు బొమ్మ చూడలేదు. ముందు కార్డు వెనక్కి తిప్పారు.

“దీనికి మూడు పుట్టినరోజులండి. ఫొటో తీసినది, అచ్చేసినది, పోస్టులో వేసినది. మూడోదాన్నే మొదటిదనుకుంటారు చాలామంది.”

స్టాంపుతో మొదలుపెట్టారు. ఎర్రరంగు అణా స్టాంపు, ఎడ్వర్డ్ రాజు తల. విదేశానికి కార్డు పంపడానికి అప్పట్లో అణా. స్టాంపు మీద ‘ఇండియా పోస్టేజ్ అండ్ రెవెన్యూ’ అని ఉంది. రెవెన్యూ అన్న మాట 1906లో చేరింది. 1910లో రాజు పోయాడు, 1911లో జార్జి రాజు తలతో కొత్తవి వచ్చాయి. ఇంట్లో మిగిలిన పాత స్టాంపులు ఆ తర్వాతా వాడి ఉంటారు కాబట్టి పై గడువును కొంచెం వదులుగానే పెట్టుకోవాలి.

వెనక వైపు మధ్యలో నిలువు గీత ఉంది. ఎడమ ఉత్తరానికి, కుడి చిరునామాకి. అంతకుముందు వెనక వైపంతా చిరునామాకే. రాయదలచుకున్న నాలుగు ముక్కలూ బొమ్మ పక్కన ఇరికించాల్సిందే. గీతకు 1902లో మొదట ఒప్పుకున్నది బ్రిటన్. గీత పక్కన సన్నటి అక్షరాల్లో ‘సాక్సనీలో అచ్చయినది’ అని ఉంది. మన బొమ్మకార్డులెన్నో అప్పట్లో జర్మనీలో అచ్చయ్యేవి, 1914 యుద్ధం ఆ దారి మూసేసింది. పోస్టు చేయని కార్డయితే ఈ ఒక్క మాటే ఎంతో పనికొచ్చేది.

అప్పుడు భూతద్దం నా చేతికిచ్చారు. చుక్కల వరుసలు కనిపిస్తే హాఫ్‌టోన్. ఇందులో చుక్కలు లేవు, ముడతలు పడ్డట్టు సన్నటి గరుకు. జిలటిన్ పూసిన గాజు పలకతో తీసే కొలోటైప్ అది. రంగులు ఆ నలుపు తెలుపు బొమ్మ మీద తర్వాత అద్దినవి.

సాయంత్రం కార్డుతో పుష్కరఘాట్‌కి వెళ్లాను. వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయింది. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 56 ఖానాలు. 1997లో రైళ్లు ఆగిపోయినా మనిషి ఇనుముతో ఇంత పెద్ద నదిని దాటిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కార్డులో గడ్డర్లు అవతలి ఒడ్డుదాకా అమరి ఉన్నాయి గనక ఫొటో 1900కి ముందుది కాదు. ఏ కాలంలో తీశారన్నది మాత్రం నాకు అంతుపట్టలేదు.

రేవులో ఉన్న పడవాయనకి చూపించాను.

“ఆయ్, లంకలు ఒక్కటీ కనపట్టం లేదు కదండీ. వరద నీరే ఇది. మరి ఈ నీలం ఏంటండి? శ్రావణంలో గోదారి ఎర్రగా ఉంటాది గానీ!”

నిజమే. గోదావరిని ఎన్నడూ చూడని చెయ్యి ఎక్కడో సాక్సనీలో కూర్చుని నదికి నీలం అద్దింది. అమ్మేవాళ్లు ఇలాంటి కార్డులను ‘అచ్చం నాటి గోదావరి’ అని చూపిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. వంతెన నాటిదే, నీటి రంగు కాదు.

మాస్టారికి ఈ మాట చెబితే ఎంత సంతోషించారో! కార్డు కవరు మీద పెన్సిల్‌తో రాశారు: ఫొటో 1900 తర్వాత, వరదకాలం. అచ్చు 1902కీ పోస్టు చేసిన ఏడాదికీ మధ్య. పోస్టు 1906 నుంచి 1911 ప్రాంతం.

“ఇదే ఫొటో, ఇదే పడవ, వెనక గీత లేని కార్డు మీద ఎక్కడైనా దొరికితే ఫొటో వయసు ఇంకా ముందుకు జరుగుతుందండి,” అని తన పెట్టెల్లోంచి గోదావరి కార్డులన్నీ తీసి బల్ల మీద పరిచారు. తెరచాప ఆకారాన్ని బట్టి ఒక్కొక్కటీ పోల్చడం మొదలుపెట్టాం.