కోళ్ల నడుమ కుక్కపిల్ల

మానవుడు మచ్చిక చేసుకున్న జంతువులలో కుక్క మొదటిది. ఆవుకంటె, గొర్రెకంటె, కోడికంటె ఎంతో ముందుగా అది మనిషి వెంట నడిచింది. మిగిలిన ప్రాణులు ఒక్కొక్కటిగా వచ్చి అదే వాకిటిలో చేరిన తరువాత, వేటాడే జంతువూ వేటకు గురికాదగిన జంతువూ పక్కపక్కనే బతకవలసి వచ్చింది. పల్లెటూరి ఇంటికి కొత్తగా ఒక కుక్కపిల్ల వచ్చిన ప్రతిసారీ ఈ పాత చిక్కు మళ్లీ మొదలవుతుంది.

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డగా పేరుపొందిన గద్వాల ప్రాంతం, వేరుశనగ పండే వనపర్తి మెట్టలు, నల్లమలను ఆనుకొని ఉన్న నాగర్‌కర్నూలు సీమ 2016 అక్టోబరు వరకు ఒకే పాలమూరు జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలైనా కుక్కతో వాటి అవసరం ఒక్కటే. వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టే వేళకు అడవిపందులు చేలమీద పడతాయి. గొల్లకురుమలు గొర్రెల మందను తోలుకొని, మేత కోసం నెలల తరబడి ఊళ్లు దాటి పోతారు. రాత్రి మంద ఆగిన చేనిలో నిద్రపోకుండా ఉండేది కుక్క ఒక్కటే. అమ్రాబాదు పీఠభూమిమీద చెంచులకు అడవిలో తోడు కూడ అదే. అయినా కుక్కను ఎంచుకోవడంలో రైతుకు శ్రద్ధ తక్కువ. పెబ్బేరు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, నడిపించి, నాగలి మోసే మెడను తడిమి చూసే మనిషి, కుక్కపిల్లను మాత్రం ఎవరి ఇంటిలోనో ఈనిందని వింటే గోనెసంచిలో వేసుకొని తెచ్చేస్తాడు. దానికి ఏమైనా నేర్పాలన్న ఆలోచన అది తప్పు చేసిన తరువాతనే వస్తుంది.

ఆ తప్పు సాధారణంగా కోడి విషయంలోనే జరుగుతుంది.

కుక్క చేనుది, కోడి ఇంటిది. చేను లెక్కలు మగవారి చేతిలో ఉన్న ఇంటిలో కూడ కోళ్ల లెక్క ఇల్లాలిదే. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. వాటిలో ఒక పది పన్నెండింటిని పొదగవేసి, 21 రోజులు ఆగి, పిల్లలు దిగిన తరువాత గద్దనుండి, పిల్లినుండి, ముంగిసనుండి కాపాడుకుంటే చివరకు మిగిలేవి నాలుగైదు. ఆ నాలుగైదే పిల్లవాడి పుస్తకాలు, పెద్దామె మందులు, ఇంటికి వచ్చిన అల్లుడి మర్యాద. ఎవరినీ అడగకుండా ఆమె అమ్ముకోగల ఆస్తి అది. దానిని కుక్క నోట కరచినప్పుడు పోయేది కోడి ఒక్కటే కాదు. ఆ కోడి పొరుగింటిదైతే మాట ఇంకా దూరం పోతుంది. “అక్కా, మీ కుక్క మా పెట్టను పట్టుకపోయింది” అని మొదలైన మాట నాలుగు రోజులలో రెండు ఇండ్ల మధ్య నీళ్లబిందె ఇచ్చిపుచ్చుకోవడం కూడ ఆపివేయగలదు.

అటుపిమ్మట కుక్కకు ‘దొంగకుక్క’ అని పేరు పడుతుంది. ఆ పేరు పడ్డ కుక్కకు మూడే దారులు. గొలుసుకు కట్టుబడి బతుకంతా మొరగడం. సంచిలో కట్టి ఏ పొలిమేరలోనో వదిలివేయబడడం. లేదా విషపు ముద్ద తినడం. మూగజీవిని ఇలా హింసించడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతున్నది. కాని చట్టం ఊరిలోకి వచ్చేసరికి ముద్ద పెట్టడం అయిపోతుంది. ఏడెనిమిది నెలల వయసు నిండని పిల్లకు ఈ శిక్ష పడుతున్నదన్నది గమనించదగిన విషయం.

శునకాన్ని బంగారు గద్దె ఎక్కించినా దాని బుద్ధి మారదని చెప్పే సుమతీ శతక పద్యం తెలియని తెలుగువారు అరుదు. ఆ పద్యం మనుషులను గురించి చెప్పింది; కుక్కను గురించి అది పూర్తిగా నిజం కాదు. ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1859లో వెలువరించిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో సహజప్రవృత్తుల అధ్యాయంలో సరిగ్గా ఈ కోళ్ల సంగతినే ఎత్తుకున్నాడు. పెంపుడు కోళ్లు, గొర్రెలు లేని దూరదేశాలనుండి పసికూనలుగా తెచ్చిన కుక్కలకు వాటి జోలికి పోవద్దని ఎంత నేర్పినా ఫలితం లేకపోయిందట. తరతరాలుగా కోళ్ల నడుమ పెరిగిన కుక్కలకో, చిన్నవయసులో కూడ ఆ పాఠం నేర్పవలసిన అవసరం అరుదు. ఎప్పుడైనా మీదపడితే దెబ్బలు తింటాయి, మానకపోతే చంపివేయబడతాయి. ఆ విధంగా అలవాటూ, ఏరివేతా కలిసి కుక్క స్వభావాన్ని మెత్తబరచాయని ఆయన అభిప్రాయం. అంటే ఊరికుక్కలో ఉన్న సగం మంచితనం మన పూర్వుల కర్రలూ, వాకిళ్లూ కలిసి తయారుచేసినదే. మిగిలిన సగం కోసం ప్రతి పిల్లతోనూ మళ్లీ పాటుపడాలి.

కుక్కపిల్ల కోడిని ఎందుకు పట్టుకుంటుంది? ఆకలికని చాలామంది అనుకుంటారు. కడుపునిండా జొన్నరొట్టె తిన్న పిల్ల కూడ తరుముతుంది. కుక్కల నడవడిని జీవితమంతా పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ వేటను ఒక గొలుసుగా వివరించాడు: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చడం, తినడం. తోడేలులో ఈ గొలుసు పూర్తిగా ఉంటుంది. కుక్కలలో ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క కొక్కెం ఊడిపోయింది. గొర్రెలను మళ్లించే కుక్క పొంచుతుంది, తరుముతుంది, కాని కరవదు. మన వాకిటి పిల్ల చాలాసార్లు తరమడం దగ్గరే ఆగుతుంది. కోడి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తూ పరుగెత్తడమే దానికి బహుమానం. పట్టుకున్న తరువాత ఏమి చేయాలో తెలియక కాళ్లకింద నొక్కిపెట్టి చూస్తుంది. కోడిపిల్ల మెత్తని ప్రాణం, ఆ ఆటలోనే పోతుంది. ఇంటివారికి కనబడేది హత్య. కుక్కపిల్ల దృష్టిలో అది ఆట, ఆట మధ్యలో ఆగిపోయిన బొమ్మ.

ఈ సంగతి తెలిస్తే ఏది పనిచేయదో కూడ తెలుస్తుంది. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి అది కుళ్లేదాకా ఉంచడం కొన్ని దేశాలలో పాతకాలపు చిట్కా. తప్పించుకు తిరిగే పశువుకు గుదికర్ర కట్టినట్టుగా ఇది న్యాయంగానే కనబడుతుంది. గుదికర్ర పశువు పరుగును ఆపుతుంది. మెడలోని కోడి ఏమి ఆపుతుంది? కుక్కకు అది బరువు, వాసన, అంతే. పొద్దున జరిగిన దానికి సాయంత్రం కొట్టడం అంతకంటె అన్యాయం. కుక్క తన పనికీ దాని ఫలితానికీ మధ్య ఒకటి రెండు క్షణాల ఎడాన్ని మాత్రమే కలుపుకోగలదు. ఆలస్యంగా పడిన దెబ్బవల్ల అది నేర్చుకునేది ఒక్కటే: యజమాని దగ్గరకు వస్తే ప్రమాదమని. ఇక కేకలు వేస్తూ వెంటపడడమంటే, కుక్కపిల్ల లెక్కలో ఆటలోకి ఇంకొకరు చేరడమే.

నేర్పవలసిన కాలం చాలా ముందుగా మొదలవుతుంది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఏండ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, 1965లో ప్రచురించిన గ్రంథంలో, పుట్టిన మూడవ వారం నుండి సుమారు పన్నెండవ వారం వరకు గల కాలం పిల్ల తనవారెవరో నిర్ణయించుకునే కాలమని చూపారు. ఆ రోజులలో కోళ్ల నడుమ తిరిగిన పిల్లకు కోడి వింత కాదు. ఈ పాఠానికి మొదటి గురువు చాలాసార్లు పిల్లలకోడే. రెక్కలు విప్పి, మెడ నిక్కించి మీదికి వచ్చే తల్లికోడి ముక్కుపోటు ఒకసారి తిన్న కుక్కపిల్ల చాలాకాలం దారి మార్చి నడుస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల పిల్లలు ఇప్పుడు పల్లెలకు వస్తున్నాయి. కొన్ని వారాలు దీపపు వెచ్చదనంలో పెరిగి వచ్చిన ఆ పిల్లలకు వెనుక తల్లి లేదు, ముక్కుపోటూ లేదు. అటువంటి ఇంటిలో ఆ గురువు పని కూడ మనుషులమీదే పడుతుంది.

పని పెద్దది కాదు, ఓపికది. కుక్కపిల్లను ఉదయం చేనిదాకా తిప్పి, ఒళ్లు అలసిన తరువాత పది పన్నెండు అడుగుల తాడు కట్టి వాకిటిలోకి తేవాలి. కోళ్లు గంపకింద ఉండాలి. గంప ఎంత దూరంలో ఉంటే పిల్ల దానిని చూసి కూడ నిలకడగా ఉండగలదో అంత దూరంలో మొదలుపెట్టాలి. చెవులు నిక్కి, చూపు గంపమీద నిలిచి, ఒళ్లు బిగిసిందంటే అప్పటికే ఆలస్యమవుతున్నట్టు. అంతకుముందే పేరు పెట్టి పిలవాలి. అది తల తిప్పి మనిషివైపు చూసిన ఆ క్షణంలోనే రొట్టెముక్క నోటికి అందాలి. కోడిని చూడడం తప్పు కాదనీ, చూసి ఇటు తిరిగితే లాభమనీ దానికి అర్థం కావడానికి రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున కొన్ని వారాలు పడుతుంది. ఆ తరువాత గంప దగ్గరవుతుంది, ఆ పైన గంప లేస్తుంది. కోళ్లు గింజలు ఏరుకుంటుండగా పిల్ల తాడుతోనే పక్కన పడుకుంటుంది. అటుపిమ్మట తాడు మనిషి చేతినుండి నేలమీదికి జారుతుంది, కాని మెడనుండి ఊడదు. తాడు తీసేది చివర.

దీనికంతటికీ విరోధి ఒక్క సంఘటన. అందరూ చేనికి పోయిన మధ్యాహ్నం తాడు తెగి, పిల్ల ఒక్కసారి తరిమితే నెల పాఠం వెనక్కి పోతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం ప్రతిసారీ దొరికే ఫలితంకంటె అలవాటును గట్టిగా నిలబెడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాలలో తేల్చాడు. పేకాటగాడి సంగతి తెలిసినవారికి ఈ ప్రయోగం కొత్తగా అనిపించదు. చచ్చిన కోడిపిల్లలను పెంటకుప్పమీదికి విసరడం కూడ మంచిది కాదు. తరమడానికి తినడం తోడైతే ఊడిన కొక్కెం మళ్లీ తగులుకోవచ్చు. గుంట తీసి పూడ్చితే పోయేది కాసేపటి శ్రమ.

ఇంత శ్రమకు ఫలితం కోడి ప్రాణంతో ఆగనక్కరలేదు. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ అనే ఊరి తీరాన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవి ఉన్నది. అక్కడి చిట్టి పెంగ్విన్లను నక్కలు నాశనం చేయగా 2005 నాటికి పదికంటె తక్కువ మిగిలాయి. తన కోళ్లకు మరెమ్మా జాతి కుక్కలను కాపలా పెట్టుకున్న ఒక రైతు, అవే పెంగ్విన్లను కూడ కాయగలవని సూచించాడు. 2006లో కుక్కలను దీవికి తీసుకుపోయారు. ఏండ్లు గడిచేకొద్దీ పెంగ్విన్లు మళ్లీ వందకు మించాయి. మరెమ్మా కాపలాకోసమే తరాలుగా ఎంచి పెంచిన జాతి. ఊరికుక్కకు ఆ వంశం లేదు. అయినా నిలకడ నేర్చిన ఊరికుక్క వాకిటిలో ఉంటే పిల్లి, ముంగిస జంకుతాయి. కోళ్ల గంప పక్కన పడుకున్న కుక్కను చూసి ఇల్లాలు మొదటిసారి దానికి మీగడ కట్టిన మజ్జిగ పోస్తుంది.

ఏడాదిన్నర దాటేదాకా మాత్రం కుక్కను పూర్తిగా నమ్మరాదు. జాతరకో, పెండ్లికో ఇంటిల్లిపాదీ కదిలే రోజున కుక్కను చింతచెట్టుకు కట్టి, దానికి నీళ్లు పెట్టి, కోళ్ల గంపమీద బరువైన రాయి ఒకటి ఎత్తి పోవలసిందే.