డబ్బులేని బ్యాట్‌మ్యాన్

బ్రూస్ వేన్ చేతిలో డబ్బు లేకపోతే అతనింకా బ్యాట్‌మ్యానేనా? 2024 అక్టోబరులో స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటా ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ కామిక్ సిరీస్ మొదలుపెట్టినప్పటి నుంచీ అభిమానుల మధ్య ఇదే తగువు. ఇందులో అతను బడిపంతులి కొడుకు. భవంతి లేదు, బట్లరూ లేడు. (మామూలుగా ఆ బట్లరైన ఆల్ఫ్రెడ్ ఉన్నాడు, గూఢచారిగా.) ఈ బ్యాట్‌మ్యాన్ కొండంత ఆకారాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకైతే తల్లి మార్తా బతికి ఉండటమే అసలు కథ. పోగొట్టుకోవడానికి ఇంకా మనిషి మిగిలినవాడి భయం వేరు.

అయినా నా మొగ్గు చిన్న కథల సంకలనాల వైపే. 1996 నాటి ‘బ్యాట్‌మ్యాన్: బ్లాక్ అండ్ వైట్’లో ఒక్కో కథా ఎనిమిది పేజీలే. ‘అకిరా’ సృష్టికర్త కత్సుహిరో ఒటోమో కూడా అందులో బొమ్మలు వేశాడు. అన్నీ గొప్పవేం కావు, కొన్ని తేలిపోయాయి. నచ్చకపోతే పేజీలు తిప్పేసి పక్క కథలోకి వెళ్లిపోవచ్చు. నెలనెలా సాగే సిరీస్‌లో ఆ వీలేదీ?