కంటికి కానరాని కల్మషము

మా మస్కి పేరు లోకమునకు తెలిసినది ఒక రాతివలన. 1915లో ఇచ్చట బయల్పడిన శిలాశాసనమున అశోకుని స్వనామము కలదు. రెండువేల రెండువందల యేండ్లు దాటినను ఆ యక్షరములు నిలిచియున్నవి. మంచిమాట చిరకాలము నిలుచుట మేలే. కాని, ఒకపూట వాడి పారవేయు వస్తువు తరతరములు నిలుచుట మేలగునా?

ప్లాస్టిక్కు మట్టిలో మట్టిగాదు. ఎండకు పెళుసై, రాపిడికి పొడియై, నలుసులుగా మిగులును. అయిదు మిల్లీమీటర్లకు లోబడిన నలుసులను సూక్ష్మ ప్లాస్టిక్కులందురు. ఇవి నీటితోను, అన్నముతోను, ఊపిరితోను మన దేహమున చేరుచున్నవి. 2022లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 22 మంది రక్తమును పరీక్షింపగా 17 మందియందు ప్లాస్టిక్కు కనబడెను. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళములందు పేరుకొన్న క్రొవ్వును పరీక్షించిరి. అందు ఈ నలుసులున్నవారికి గుండెపోటో, పక్షవాతమో, మరణమో సంభవించుట, లేనివారికంటె సుమారు 4.5 రెట్లు అధికముగా నుండెను. నలుసులే కారణమని దీనివలన రుజువు కాలేదు. అయినను ఉపేక్షింపదగిన మాట కాదు.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనరాదు. కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్కు పొర యుండును. అందు 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషములుంచినచో సుమారు 25,000 నలుసులు నీట కలియునని ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో తెలిపిరి. మా తల్లి తడిగుడ్డ పరచి ఇడ్లీ వేసెడిది. నేడు కొన్ని హోటళ్లలో ఆ గుడ్డకు బదులు ప్లాస్టిక్కు కాగితము వచ్చినది. 2025లో కర్ణాటక ప్రభుత్వము దానిని నిషేధింపవలసి వచ్చెను.

తుంగభద్ర కాలువనీటిని నమ్ముకొని ఈ సీమకు వచ్చిన తెలుగు కుటుంబములలో మాదొకటి. క్యాంపులలో పెండ్లియైనను, ఉగాది యైనను ఇంటింటి గ్లాసులు ప్రోగుచేసి, విస్తళ్లు కుట్టి, పంక్తిభోజనములు పెట్టుకొంటిమి. నేడు అన్నిటికిని కాగితపు కప్పులే. ఆ కప్పులలో వేడిపాలు త్రాగు పిల్లలలో నా మనుమరాలును కలదు.

నేను మెట్రిక్కు చదివిన విశ్రాంత గుమాస్తాను; శాస్త్రము తెలియదు, లెక్క తెలియును. 500 మంది కూడిన సభలో రెండుమార్లు టీ యిచ్చిన 1,000 కప్పులు చెత్తకుప్పకు చేరును. స్టీలు గ్లాసులు ఒక్కసారి కొనిన ఏండ్లతరబడి వచ్చును. వానిని కడుగు కూలి మన యూరివారికే దక్కును. కావున మన సంఘము రాబోవు ఉగాదికి 500 గ్లాసులు కొని యుంచవలెనని పెద్దలకు మనవి. నా వంతుగా 50 గ్లాసుల వెల చెల్లింతును.